విషయం: బాత్‌టబ్ మంజూరు గురించి

సముద్రం అడుగున కేబుల్ వేసి మా దీవులకు వేగంగా ఇంటర్నెట్టు అందించిన తరువాతి సంగతి ఇది. అంతకు ముందు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఫోటో పూర్తిగా తెరుచుకునే లోపు టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి పెట్టుకోవచ్చు. ఆ రోజుల్లో ముక్కూ మొహం తెలియని వారిని ఆన్‌లైన్‌లో డబ్బు అడగవచ్చన్న ఆలోచన మా ఇళ్లలో ఎవరికీ రాలేదు. వచ్చినా ఆ పేజీ తెరుచుకునేది కాదు.

గోల్ ఘర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో నేను స్పోకెన్ ఇంగ్లీషు చెబుతుండేదాన్ని. ఒక మధ్యాహ్నం, కాలేజీలో నాతో పాటు డిబేట్ జట్టులో ఉన్న స్నేహితురాలు ఫోనుకు ఒక లింకు పంపింది. దాని కింద హిందీలో ఒకే ప్రశ్న: "యే తేరీ మౌసీ హై నా?" మీ పిన్నే కదా అని.

మా పిన్నే. నీలం రంగు వెనక తెరతో తీసిన పాస్‌పోర్టు సైజు ఫోటో. ఆపరేషన్లకూ, చదువులకూ, కాలిపోయిన ఇళ్లకూ జనం చందాలు కోరే వెబ్‌సైటు అది. అందులో 'ఇతరం' అన్న విభాగం కింద మా పిన్ని విన్నపం ఉంది. తెలుగులో ఉంది. దాన్ని యథాతథంగా ఇక్కడ రాస్తున్నాను, పేరు తప్పించి.

"గౌరవనీయులైన అయ్యలకు, అమ్మలకు. విషయం: బాత్‌టబ్ మంజూరు గురించి. నేను షాదీపూర్ నివాసిని. డైరీ ఫార్మ్‌ ప్రాంతములో టైలరింగ్ షాపు నడుపుకొనుచున్నాను. నాకు బాత్‌టబ్‌లో స్నానము చేయవలెనని కోరిక. నా సంపాదనతో ఇల్లు గడుచును గాని బాత్‌టబ్ రాదు. కావున తమరు దయతో పరిశీలించి మంజూరు చేయ ప్రార్థన. ఇట్లు, విధేయురాలు."

నవ్వు వచ్చిందని ఒప్పుకుంటాను. అయితే విన్నపం కింద జతపరిచిన కాగితాన్ని చూశాక ఆ నవ్వు నిలవలేదు. అది సునామీ తరువాత మా కుటుంబానికి ఇచ్చిన బాధితుల కార్డు. హట్‌బేలో, అప్పటి మా ఊళ్లో, సముద్రం మా తాత పడవనూ, ఇంటినీ, అమ్మమ్మనూ తీసుకుపోయిన తరువాత వచ్చిన కార్డు. అందులో కుటుంబ సభ్యుల పేర్లు వరుసగా ఉంటాయి. అమ్మమ్మ పేరు మీద ఎర్ర సిరాతో ఒక అడ్డగీత ఉంటుంది. ఆ గీత ఇప్పుడు ఫోనులో వేలితో పెద్దది చేసి చూడగలిగేంత స్పష్టంగా ఉంది. దాని పైన, బాత్‌టబ్ కోరిక.

అప్పటికే చాలామంది డబ్బు వేశారు. కింద వ్యాఖ్యలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంత విషాదం దాటి వచ్చిన ఈ తల్లికి ఈపాటి సుఖం దక్కాలని ఒకరు రాశారు. ఆ రోజు దెబ్బ తిన్న వెన్నుకు వేడినీటి వైద్యం కోసం అయి ఉంటుందని ఇంకొకరు ఊహించారు. మూడోవారు ఆ ఊహను నిజం చేసి, వెన్ను వైద్యానికి తమ వంతు అని రాసి డబ్బు పంపారు. మా పిన్ని వెన్నుకు ఏ దెబ్బా లేదు. గ్యాసు వచ్చిన రోజున నిండు బండను ఒక్కతే ఇంట్లోకి మోసేస్తుంది. అయినా ఆ వ్యాఖ్య కింద ఎర్రగా ఒక హృదయం గుర్తు ఉంది. పెట్టింది పిన్ని.

డిబేటులో మాకు మొదట నేర్పింది ఒకటే: ఎదుటి పక్షం ఏం చెప్పిందో కాదు, ఏం చెప్పకుండా వదిలేసిందో చూడమని. పిన్ని చెప్పకుండా వదిలేసిందేమిటో నాకు కనబడుతున్నదే అనుకున్నాను. వెన్ను నొప్పి అని ఆమె రాయలేదు. కాదనీ రాయలేదు. కార్డును ముందు పెట్టి, మిగతాది చదివేవారి జాలికి వదిలేసింది. అబద్ధం ఆడకుండా అబద్ధం ఆడే పద్ధతి అది. దానికి పోటీల్లో మేము మార్కులు కూడా తెచ్చుకున్నాం.

అసలు బాత్‌టబ్ అన్న మాటనే నేను నమ్మలేదు. మా వీధిలో ఎండాకాలం కొళాయి నీళ్లు మూడు రోజులకొకసారి వస్తాయి. నీళ్లొచ్చే రోజున ఇంట్లో ఉన్న డ్రమ్ములూ, బకెట్లూ, ప్రెషర్ కుక్కరుతో సహా నింపుకుంటాం. అలాంటి చోట ఒక మనిషి పడుకునే తొట్టి నిండా నీళ్లు పోసి అందులో కూర్చుంటానని ఎవరైనా అంటే, ఆ మాట వెనక వేరే మాట ఉండి తీరాలి. షాపుకు కొత్త మిషను కావచ్చు. ఎవరికో ఇచ్చిన మాట కావచ్చు. మేమెవరమూ ఎరగని జబ్బు కావచ్చు. సాయంత్రం షాదీపూర్‌లో ఆటో దిగే లోపు నా దగ్గర ఇలాంటి అనుమానాలు నాలుగైదు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో బాత్‌టబ్ మాత్రం లేదు.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. సునామీ నాటికి నాకు ఆరేళ్లు, ఆమెకు పదిహేడు. పెళ్లి చేసుకోలేదు. దాని కారణాలు ఈ కథనానికి అవసరం లేనివి. మా ఇంటి వెనక గదిలో ఉంటుంది. ఆ గదికి ఆనుకుని రేకు కప్పిన చిన్న వరండా.

నేను వెళ్లేసరికి అమ్మకు విషయం తెలిసిపోయింది. ఎవరో పక్కింటి దీదీ చూపించిందట. అమ్మ మామూలుగా కోపమొస్తే గట్టిగా మాట్లాడుతుంది. ఆ రోజు మెల్లగా మాట్లాడింది. తన తల్లి పేరు మీద గీత పడ్డ కాగితాన్ని స్నానాల తొట్టికి అడ్డం పెట్టిన చెల్లెలితో మాట్లాడటానికి తనకు ఇష్టం లేదనీ, అడగవలసిందేదో నన్నే అడగమనీ చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. గరిటె చప్పుడు ఆగిపోవడాన్ని బట్టి తలుపు వెనకే నిలబడి వింటోందని అర్థమైంది.

పిన్ని వరండాలో కూర్చుని ఎవరిదో బ్లౌజుకు హుక్కులు కుడుతోంది. ఫోను ఆమె ముందు పెట్టి, ఇది నువ్వే పెట్టావా అని అడిగాను.

"మరెవరు ఎడతారు? నీ పేరు కూడా ఎట్టాను సూడు, కింద."

చూశాను. 'ధ్రువీకరించగల వ్యక్తి' అన్న గడిలో నా పేరూ, నా నంబరూ ఉన్నాయి. నన్ను అడగలేదు. ఏ ఫారంలోనైనా తెలిసినవాళ్ల పేర్లు అడుగుతారు కదా, ఇంట్లో డిగ్రీ ఉన్నది నీకే కదా అంది. షాపుకు వచ్చే ఒక నర్సు తమ్ముడి ఆపరేషనుకు ఇలాగే పేజీ పెట్టుకున్నదట. ఫారం ఎలా నింపాలో ఆమె చూపించిందట. అంతవరకు తడబాటు లేకుండా చెప్పింది. తడబాటు లేకుండా చెప్పేవారిని మరింత జాగ్రత్తగా వినాలని నాకు అలవాటు.

వరుసగా ప్రశ్నలు వేశాను. బాత్‌టబ్ ఎందుకు? స్నానానికి. ఎవరైనా డాక్టరు చెప్పారా? లేదు. సముద్రానికి సంబంధించిన భయం ఏదైనా ఉందా, ఆ రోజు తరువాత నీళ్లలో మెడ దాకా దిగలేదు కాబట్టి? ఈ ప్రశ్న అడుగుతూ నేను కొంచెం గొంతు తగ్గించాను. పిన్ని సూది ఆపి నా వంక వింతగా చూసింది. కొర్బిన్స్ కోవ్ బీచికి వెళ్లిన ప్రతిసారీ మెడ దాకా దిగేది తనేననీ, ఒడ్డున చెప్పులు కాపలా కాసేది నేననీ గుర్తు చేసింది. అది నిజం.

మరి ఎక్కడి నుంచి వచ్చింది ఈ కోరిక అంటే, చెప్పింది. ఒక హోటలు వాళ్లు కొత్త గదులకు పరదాలు కుట్టమని పిలిచారట. కొలతలకు వెళ్లింది. ఒక బాత్‌రూములో కిటికీ పక్కనే తెల్లటి తొట్టి ఉంది. కిటికీ కొలవాలంటే ఆ తొట్టిలోకి దిగి నిలబడాలి. దిగింది. కొలిచింది. తరువాత ఎవరూ లేరు కదా అని అందులో కూర్చుంది. నీళ్లు లేవు, ఒట్టి తొట్టే. వీపు ఆనించుకోవడానికి సరిగ్గా ఒంపు ఉందట. కాళ్లు చాపితే చివరికి తగిలాయట. ఎంతసేపు కూర్చుందో తెలియదు గానీ, మేనేజరు వచ్చి దీదీ, కొలత అయిందా అని అడిగితే అవలేదని అబద్ధం చెప్పిందట.

"అంతే?" అన్నాను.

"అంతే. ఇంకేటుండాలి?"

ఏదో ఒకటి ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. నీళ్ల సంగతి ఎత్తాను. అది నా బలమైన వాదన కాబట్టి అప్పటి దాకా దాచిపెట్టుకున్నాను. మూడు రోజులకొకసారి వచ్చే నీళ్లతో తొట్టి ఎలా నింపుతావు అన్నాను. పిన్ని సూది పట్టుకున్న చేత్తోనే పైన రేకును చూపించింది. మా దీవుల్లో మే నెల నుంచి డిసెంబరు దాకా వాన వదలదు. ఆ నీళ్లన్నీ ఆ రేకు మీంచి జారి కాలవలో కలుస్తాయి. రేకు అంచుకు సగానికి కోసిన పైపు కట్టి తొట్టిలోకి వదిలితే ఒక్క జల్లుకు నిండుతుందట. ఎండాకాలం నాలుగు నెలలూ తొట్టిలో బట్టల తాన్లు పెట్టుకుంటుందట. ఎంత వెడల్పు తొట్టి పడుతుందో టేపుతో కొలిచి గోడ మీద సుద్దతో గీసింది కూడా. ఆ గీతలు నా వెనకే ఉన్నాయి. నేను వచ్చిన దగ్గర నుంచి వాటికే ఆనుకుని నిలబడ్డాను. నా చొక్కా వీపుకు సుద్ద అంటుకుంది.

ఇక మిగిలింది కార్డు. స్నానం సరదాకే అయితే అమ్మమ్మ పేరున్న కార్డు ఎందుకు పెట్టావని అడిగాను. వంటింటి తలుపు కొంచెం కదిలింది.

పిన్నికి ప్రశ్న అర్థం కాలేదు. నటిస్తోందేమో అని ముఖంలోకి చూశాను. నిజంగానే అర్థం కాలేదు. లేదా నటన నా చదువుకు అందనిది.

"అప్లికేషన్ అంటే కార్డు జెరాక్సు ఎట్టాలి కదే," అంది. "ఎట్టకుండా ఏ ఆఫీసోడు తీసుకున్నాడు సెప్పు? గ్యాసుకి ఎట్టలేదా? షాపు లైసెన్సుకి ఎట్టలేదా? నీ కాలేజీ ఫారంకి ఎట్టలేదేటి?"

బయటివారికి ఈ సంగతి కొంచెం వివరించాలి. సునామీ తరువాత కొన్నేళ్ల పాటు మా చేతుల్లో ఉన్న కాగితం అదొక్కటే. రేషన్ కార్డులూ, బడి సర్టిఫికెట్లూ అన్నీ నీళ్లలో పోయాయి. మేం ఎవరమో చెప్పడానికి ఆ కార్డే చూపించేవాళ్లం. తరువాత అన్ని కార్డులూ మళ్లీ వచ్చాయి, అయినా ఆ అలవాటు పోలేదు. అడిగినా అడగకపోయినా, ప్రతి దరఖాస్తు వెనకా దాని జెరాక్సు ఒకటి పిన్ను చేసి పెడతాం. మా అమ్మ ఇంట్లో ఎప్పుడూ ఇరవై జెరాక్సులు సిద్ధంగా ఉంచుతుంది. నా కాలేజీ ఫారంకు పెట్టింది కూడా అమ్మే. దాని వల్ల నాకు ఫీజులో రాయితీ వచ్చింది. ఆ కాలేజీలోనే నేను మూడేళ్లు న్యాయం, నైతికత, సంక్షేమం గురించి మాట్లాడి కప్పులు తెచ్చుకున్నాను.

మేం కార్డు పెట్టేది మేం ఫలానా అని చెప్పడానికి. అవతల చూసేవారు దాన్ని మా ఏడుపుగా చదువుకున్నారు. మా పిన్ని ఎరిగిన అడగడమంతా కౌంటర్ల ముందు అడగడమే. అందుకే ఆమె ఇంటర్నెట్టును కూడా ఒక కౌంటరు అనుకుంది.

ఇదంతా అప్పుడే ఇంత సాఫీగా అర్థమైపోయిందని చెప్పను. అప్పుడు నాకు ఇంకా ఒక ప్రశ్న మిగిలి ఉంది. వెన్ను వైద్యం అని రాసిన వ్యాఖ్యకు హృదయం ఎందుకు పెట్టావు అన్నాను. అది ఇంగ్లీషులో ఉందనీ, ఎవరో మంచి మాట రాశారనుకుని అందరికీ పెట్టినట్టే దానికీ పెట్టాననీ చెప్పింది. పేజీ కిందికి జరిపి చూశాను. అందరికీ పెట్టింది. ఒకాయన ఇది సిగ్గుమాలిన మోసం అని తిట్టాడు. దానికీ పెట్టింది.

అమ్మ అప్పుడు బయటికి వచ్చింది. కార్డు తీసెయ్యి అని మాత్రం అంది. పిన్ని తీసెయ్యమని తన ఫోను నా చేతికిచ్చింది. నేను తీసేశాను. విషయం అక్కడితో ముగిసి ఉండేది. కానీ మరునాడు కోచింగ్ సెంటర్లో ఉండగా నా నంబరుకు ఒక సందేశం వచ్చింది.

పంపిన ఆవిడ గోదావరి వైపు ఊరిలో రిటైరైన ఉపాధ్యాయురాలు. చక్కటి తెలుగు. పేజీలో అందరికంటే ఎక్కువ డబ్బు వేసింది ఆవిడే. నిన్నటి దాకా ఉన్న కార్డు ఈ రోజు కనబడటం లేదేమని అడిగారు. మీ పిన్నిగారు నిజంగా సునామీ బాధితురాలేనా, ఇది నిజంగా వైద్యం కోసమేనా, ధ్రువీకరించే వ్యక్తిగా మీ పేరు ఉంది కాబట్టి మీ మాట మీద ఆధారపడుతున్నాను అన్నారు. నేను సరేనంటే తొట్టికి తక్కువ పడే మిగతా మొత్తమంతా తానే వేస్తానన్నారు.

అంటే పిన్ని తొట్టి ఇప్పుడు నా జవాబు మీద ఆధారపడి ఉంది. ఆవిడ రెండు ప్రశ్నలకూ అవునని రాస్తే ఓడలో తొట్టి వస్తుంది. ఆ రెండు అవునుల్లో ఒకటి నిజం, రెండోది కాదు.

ఇంటికి వెళ్లి సందేశం పిన్నికి చదివి వినిపించాను. ఏం రాయమంటావని అడిగాను. ఆమె ఆలోచించలేదు. వైద్యం కాదని రాయమంది. సునామీ నిజమే గానీ దానికీ తొట్టికీ సంబంధం లేదని రాయమంది. మరి ఎందుకు కావాలంటే ఏం చెప్పను అన్నాను.

"నాకు కావాలని రాయి."

ఆ వాక్యం మీద పోటీలో ఎవరూ నిలబడలేరు. కారణం లేని కోరికను సమర్థించమని ఏ న్యాయనిర్ణేత ముందుకు వెళ్లినా నన్ను దింపేస్తారు. అయినా రాశాను. అయితే ఆ ఒక్క వాక్యం రాసి ఆగలేదు. నాకు ఆగడం రాదు. మూడు పేరాలు రాశాను. కార్డు జతపరిచే అలవాటు గురించి వివరించాను. వెన్ను నొప్పి ఎవరో చేసిన ఊహ అని స్పష్టం చేశాను. చివర, నా మాటకు బరువు చేకూర్చడం కోసం, ఇలా కూడా రాశాను: "మొదట నేను కూడా మా పిన్నిని అనుమానించాను. అన్ని కోణాల నుంచీ ప్రశ్నించి, తృప్తి చెందిన తరువాతే మీకు రాస్తున్నాను." ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. పంపే ముందు రెండుసార్లు చదువుకున్నాను.

జవాబు రెండు రోజుల తరువాత వచ్చింది. ఆవిడ వెనక్కి తగ్గుతారని ఎదురుచూశాను. తగ్గలేదు. మీ నిజాయితీ ముచ్చటేసిందన్నారు. డెబ్బై ఏళ్లకు తనకూ కారణాలు చెప్పలేని కోరికలు ఉన్నాయన్నారు. మిగతా మొత్తం అప్పటికే పేజీలో పడింది. పిన్నికి చెబితే కత్తెర కింద పెట్టి, గోడ మీద సుద్ద గీతల దగ్గరికి వెళ్లి అరచేతులతో ఇంకోసారి కొలుచుకుంది. ఆ నిమిషం ఆమె ముఖం నేను అంతకు ముందు చూసినది కాదు. అమ్మ కూడా చూసి, తొట్టి వస్తే కిందనున్న ఇటుకలు మార్చాలని మాత్రం అంది. అమ్మ తరఫున అది అంగీకారం.

సందేశంలో చివరి భాగాన్ని నేను అప్పుడు చదవలేదు. పిన్ని ఆ గోడ దగ్గర ఉన్నంతసేపూ ఆగి, తరువాత చదివాను. ఒక చిన్న కోరిక అని రాశారావిడ. తొట్టి పెట్టించాక, దాని పక్కన మీ పిన్నిగారు నిలబడి ఉన్న ఫోటో ఒకటి పంపండి. వీలైతే ఆ కార్డు చేతిలో పట్టుకుని. ఇంట్లో మనిషై ఉండి మీరే అనుమానించానంటున్నారు కదా, దూరాన ఉన్న నాకూ, నా మాట విని డబ్బు వేసిన నా స్నేహితులకూ ఆ మాత్రం తృప్తి ఉండాలి కదమ్మా. ఇందులో ఆవిడ తప్పు వెతకడానికి నేను చాలా ప్రయత్నించాను. దొరకలేదు.

కార్డుతో ఫోటో అడిగారని మాత్రం పిన్నికి చెప్పాను; వెంటనే డబ్బు వెనక్కి పంపేయమంది.

ఎందుకో చెప్పడానికి నేను సునామీ తరువాత మమ్మల్ని ఉంచిన షెల్టర్ల రోజుల్లోకి వెళ్లాలి. రేకు షెల్టర్లలో ఉన్నప్పుడు మెయిన్‌లాండ్ నుంచి సామాను వచ్చేది. చెమటలు కారే మా ఊరికి ఉన్ని స్వెట్టర్లు వచ్చేవి. బకెట్లు, దుప్పట్లు, స్టవ్వులు వచ్చేవి. ఏది ఇచ్చినా దాన్ని గుండెలకు ఆనించి పట్టుకుని నిలబడితే ఫోటో తీసేవారు. ఇచ్చినట్టు పైవాళ్లకు చూపించాలి కాబట్టి. ఒక రోజు బకెట్లు పంచారు. పిన్నికి ముదురు నీలం రంగుది వచ్చింది. తనకు ఇష్టమైన రంగు కావడంతో నవ్వేసింది. కెమెరా అతను నవ్వకూడదని చెప్పి మళ్లీ తీశాడు. రెండోసారి కూడా పెదవులు ఆగలేదు. మూడోసారికి మా తాత వెనక నుంచి, మీ అమ్మను తలుచుకోవే అన్నాడు. ఆ ఫోటో బాగా వచ్చిందట. ఏదో పుస్తకంలో అచ్చయింది. మూడేళ్ల తరువాత ఓడెక్కి శ్రీకాకుళం వైపు చుట్టాల పెళ్లికి వెళితే, అక్కడ ఆ అచ్చు ఫోటో చూసి ఉన్న ఆడవాళ్లందరూ పిన్నిని గుర్తుపట్టి, బకెట్టు పిల్ల వచ్చిందర్రా అన్నారు. పెళ్లి మూడు రోజులూ అదే పేరు. వేళాకోళానికే అన్నారు. పిన్ని కూడా వాళ్లతో పాటు నవ్వింది. ఆ తరువాత ఎవరి పెళ్లికీ వెళ్లలేదు.

ఈ బకెట్టు సంగతి నాకు ఆ రోజే తెలిసింది. చెప్పింది పిన్ని కాదు, అమ్మ. పిన్ని అప్పటికే తన గదిలో కుట్టు మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

నేను మొదటిసారి ఎదుటి పక్షం తీసుకున్నాను. మనిషి లేకుండా ఒట్టి తొట్టి ఫోటో పంపుదామన్నాను. కార్డు అవసరం లేదని నేను ఒప్పిస్తానన్నాను. ఆవిడ మంచి మనిషి అని, అర్థం చేసుకుంటారని, అడిగిన తీరులోనే మర్యాద ఉందని వాదించాను. పాస్‌పోర్టు ఫోటో పెట్టుకున్నావు కదా, దీనికేం అన్నాను. అది ఫారం ఫోటో, అది వేరు అంది. మిగతా వాదనలన్నీ పూర్తయ్యే దాకా మిషను తొక్కుతూనే విన్నది.

"ఈరోజు తొట్టి. రేపు తొట్టిలో నీళ్లు. ఎల్లుండి ఆ నీళ్లలో నాను," అంది. "సాలు. పంపీ."

తొట్టి చేజారుతున్నది నావల్లేనని ఆమెకు ఇంకా తెలియదు. దాచవచ్చు. ఆవిడ తనంతట తానే ఫోటో అడిగిందని వదిలేయవచ్చు. కానీ మూడు రోజుల క్రితం ఆమె పేజీ చదివి, చెప్పకుండా వదిలేయడం కూడా అబద్ధమేనని నేనే మనసులో తీర్పు ఇచ్చాను. కాబట్టి నేను పంపిన మూడు పేరాలూ పైకి చదివాను. పిన్నికి తెలుగు చదవడం వచ్చు గానీ నెమ్మది. నేను చదివితేనే తొందరగా అవుతుంది. చివరి వాక్యం దగ్గర నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పిన్ని మిషను చక్రాన్ని అరచేత్తో ఆపింది.

"ఆవిడ నా గురించి అడిగితే, నీ గురించి ఎందుకు రాసావే?"

కోపంగా అనలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. నా మాటకు విలువ రావాలని రాశానన్నాను. నాకే ఆ జవాబు చాలినట్టు అనిపించలేదు. నమ్మడానికి ముందు నేను ఎంత కష్టపెట్టానో చూపిస్తే తప్ప నా నమ్మకం నమ్మకంగా కనిపించదని నాకు ఎవరు నేర్పారో తెలియదు. ఒప్పుకోవడం మాత్రం ఒప్పుకున్నాను, అనవసరమైన వాక్యమని. పిన్ని మాత్రం, "లాయరమ్మ ఓడిపోయిందర్రా" అని అమ్మకు వినబడేలా ఒక మాట వేసి మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టింది. తరువాత వారం రోజులు నాతో అవసరమున్నంత వరకే మాట్లాడింది.

డబ్బు ఆవిడకు వెనక్కి పంపాను. ఆవిడ స్నేహితులకూ, వెన్ను నొప్పి అనుకున్నవారికీ కూడా పంపేయమని పిన్ని అంది, పంపాను. ఆవిడ నొచ్చుకున్నారు. అంత మాత్రానికే ఇంత పట్టింపా అని రాశారు. ఆ ప్రశ్నకు నేను చాలా పెద్ద జవాబు తయారు చేసి, పంపకుండా చెరిపేశాను. నమస్కారం అని ఒక్క మాట పంపాను. ఆ రోజు అంతకంటే కష్టమైన పని చేసిన గుర్తు నాకు లేదు.

పేజీ తీసెయ్యనా అని అడిగితే పిన్ని వద్దంది. కార్డు లేకుండా, వెన్ను నొప్పి మాట లేకుండా, విషయం మాత్రం అలాగే ఉంచమంది. ఫోటో అడక్కుండా ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉంటారేమో చూద్దామంది. నాకు ఆ ఆశ మీద ఏమీ నమ్మకం లేదు, ఆ మాట చెప్పలేదు. గోడ మీద సుద్ద గీతలను వానజల్లు తడిపినప్పుడల్లా ఆమె మళ్లీ గీస్తోంది. కార్డు తీశాక పేజీకి వచ్చేవారు బాగా తగ్గిపోయారు. వచ్చినవారు నవ్వుకుని వెళుతున్నారు. కొందరు తిడుతున్నారు. నేను చదివి వినిపిస్తే పిన్ని వింటుంది, మునుపటిలా అందరికీ హృదయాలు మాత్రం పెట్టడం లేదు.

మొన్న ఒక చిన్న మొత్తం వచ్చింది. తొట్టి కుళాయికి కూడా చాలదు. పేరు లేదు, ఊరు లేదు, వ్యాఖ్య లేదు, ప్రశ్న లేదు. ఎందుకిచ్చి ఉంటారని నేను రోజంతా ఆలోచించాను. పొరపాటున నొక్కి ఉండవచ్చు. రేపో మాపో ఏదైనా అడగవచ్చు. వెబ్‌సైటు వాళ్లే ఆశ పెట్టడానికి వేసి ఉండవచ్చు. సాయంత్రం పిన్నికి చెప్పి, ఎవరో కనుక్కోవడానికి దారి ఉంది, ఒకసారి రాసి అడగనా అన్నాను.

పిన్ని దారం కొరుకుతూ తల అడ్డంగా ఊపింది.

"ఇచ్చారు కదా. నువ్వు మాత్రం ఏటీ రాయకు."